ఇంకేమీ నొక్కొద్దు

గురువారం పొద్దున ఏడున్నరకు లింగమూర్తి మగ్గాల ఖాతాలో రాత్రి పాలీ పని ముగించుకుని సూరత్ ఉధ్నా పేటలోని తన అద్దె ఇంటికి వచ్చాడు. మామూలు రోజుల్లో అయితే చెవుల్లో, కనుబొమల్లో ఇరుక్కున్న నూగు కడుక్కుని, రెండు రొట్టెలు తిని, తలుపు వారగా చాప పరుచుకుని పడుకుంటాడు. పక్కింట్లో మిక్సీ తిరిగినా, పై అంతస్తు పిల్లలు నెత్తిమీద గంతులేసినా ఆయనకు పట్టదు. పాతికేళ్లుగా సాంచల మధ్య, అంటే కరెంటు మగ్గాల మధ్య బతుకుతున్నవాడికి అదొక చప్పుడా?

ఆ రోజు మాత్రం పడుకోలేదు. స్నానం చేసి, పండక్కి తప్ప బయటికి తీయని తెల్ల చొక్కా తొడుక్కుని, తల నున్నగా దువ్వుకుని గడప దగ్గర నిలబడ్డాడు.

"ఎంతసేపు మంగా? తొమ్మిదింటికల్ల ఆడ ఉండాలె."

"వస్తున్నయ్యా, జర చాయన్న తాగనియ్యి" అంది భార్య మంగ లోపలి నుంచి. తాగుతానన్న చాయ్ గ్లాసులోనే చల్లారిపోయింది. ఆమె చెయ్యి మాటిమాటికీ మెడ మీదికే పోతోంది. మెడకు కుడి పక్కన ఉసిరికాయంత గడ్డ. మూడు నెలల కిందట అది రేగుపండంతే ఉండేది. వీధి చివరి డాక్టరు నాలుగు రకాల మందులు మార్చి, "గడ్డల డాక్టరుకు చూపించు, ఆలస్యం చెయ్యకు" అన్నాడు. ఆలస్యం చెయ్యకు అన్న ఒక్క మాటతో మంగకు నిద్ర కరువైంది. ఊళ్లో ఆమె మేనత్త ఇలాంటి గడ్డతోనే పోయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తకపోయినా అందరికీ గుర్తే.

సూరత్‌లో ఒక ట్రస్టు ఆసుపత్రి ఉంది. గడ్డల డాక్టరు అక్కడికి నెలకు ఒక్కసారి, మొదటి గురువారం మాత్రమే వస్తాడు. ముందుగా వెబ్‌సైట్‌లో నంబరు తీసుకోవాలి. ఆ నంబరు లింగమూర్తే తీశాడు, తన ఫోన్లో, తన వేలితో. ఆయన చదువు మూడో తరగతి. తెలుగైతే అక్షరం అక్షరం కూడబలుక్కుంటాడు. కానీ సూరత్‌లో తెలుగు కనబడేదెక్కడ? బస్సు మీద గుజరాతీ, కొట్టు మీద గుజరాతీ, కరెంటు బిల్లు మీద గుజరాతీ. అవన్నీ ఆయనకు ముగ్గులే. ఆసుపత్రి పేజీ ఒక్కటి మాత్రం తెలుగులో కూడా ఉంది. ఉండటమేమిటి, దాన్ని రాసిందే ఆయన కూతురు.

ఆ కూతురు సంతోషికి ఇరవై మూడేళ్లు. రింగ్ రోడ్డు దగ్గర వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న ఆఫీసులో పని. రెండు వారాల కిందట "నంబర్ నేను తీస్త బాపూ" అంటే తండ్రి ఒప్పుకోలేదు.

"నీ పని నువ్వు చూస్కో బిడ్డా. నువ్వు రాసిందే గద, నేనే సదువుకుంట."

రెండు గంటలు పట్టింది. తలెత్తేసరికి మొహమంతా చెమట. "ఎక్కింది మీ అమ్మ పేరు" అన్నాడు, పదో తరగతి పాసైనంత సంబరంగా. సంతోషి అప్పుడు ఏదో ఆఫీసు తొందరలో ఉంది. నంబరు ఖాయమైతే ఫోనుకు మెసేజ్ వస్తుందని ఆమెకు తెలుసు. "మెసేజ్ వచ్చిందా?" అని ఒక్క మాట అడగలేదు. అలా అడగనందుకు తర్వాత ఎంత నొచ్చుకుందో చెప్పలేం.

"భయపడకమ్మా" అంది ఇప్పుడు, తల్లి కొంగు సర్దుతూ. "సాయంత్రం నేనొచ్చే వరకు నువ్వే చెప్తవ్ చూడు, ఏం లేదన్నడని."

"నీ నోటి చలువ బిడ్డా" అంది మంగ. మంగ, లింగమూర్తి ఆటో ఎక్కారు.

సాయంత్రం ఆరింటికి సంతోషి ఇంటికి వచ్చేసరికి తండ్రి ఇంకా తెల్ల చొక్కాతోనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పగలంతా కన్ను మూయలేదని చూస్తేనే తెలుస్తోంది. మంగ పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తోంది.

"ఏమన్నడమ్మా డాక్టర్?"

"డాక్టర్ మొఖం సూస్తెగద చెప్పనీకి" అంది మంగ వెనక్కి తిరక్కుండానే. "నా పేరు లేదన్నరు. మీ బాపు ఫోన్ సూపిచ్చిండు, వాళ్ల కాయిదం పైనుంచి కిందికి మూడుసార్లు సూడమన్నడు. లేదంటె లేదన్నరు. మళ్ల నెల మొదటి గురువారం రమ్మన్నరు."

 సంతోషి చేతిలో సంచి కింద పెట్టకుండానే తండ్రి ఫోను అందుకుని పేజీ తెరిచింది. తల్లి పేరు ఉంది, వయసు ఉంది, పక్కన పచ్చటి టిక్కు గుర్తు ఉంది. దాని కింద పది వరుసల రాత. ఆ రాత కింద, తెర దాటిన చోట, బూడిద రంగు బటన్ ఒకటి ఉంది. దాన్ని ఎవరూ నొక్కలేదు.

"బాపూ, ఇది నొక్కలేదు నువ్వు."

"ఏది బిడ్డా?"

"ఇదిగో, కింద. అంత క్లియర్‌గా రాసిన కదా. 'ధ్రువీకరించిన పిమ్మటే తమ అభ్యర్థన స్వీకరింపబడును' అని. చదవలేదా?"

"పచ్చ గుర్తు అచ్చింది బిడ్డా" అన్నాడాయన నెమ్మదిగా.

"పచ్చ గుర్తు అంటే పేరు, ఫోన్ నంబర్ కరెక్ట్‌గా రాసినవని. పని అయిపోయిందని కాదు." సంతోషి గొంతు లేచింది. అది కోపం కాదు, భయం. కానీ బయటికి వచ్చింది కోపంగానే. "చదవడం రానప్పుడు నన్ను అడగాలె కదా. ఏదో పెద్ద నాకు వచ్చన్నట్టు నువ్వే చేస్తనంటివి. ఇప్పుడు ఇంకో నెల ఆగాలె. ఈ లోపల అమ్మకేమన్నా అయితే?"

ఆ మాట అనకూడదు. అన్నాక తెలిసింది ఆమెకు కూడా.

లింగమూర్తికి కోపం వస్తే కేకలు వేస్తాడు, ఆ కేకలు గంటలో చల్లారిపోతాయి. నొచ్చుకుంటే మాత్రం మాట్లాడడు. ఆయన లేచి తెల్ల చొక్కా విప్పి, మడతలు చూసి మడిచి, పెట్టెలో పెట్టాడు. పాలీకి వేసుకునే పాత చొక్కా తొడుక్కున్నాడు. మంగ రొట్టెల డబ్బా అందించేలోపే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మంగ డబ్బా పట్టుకుని కాసేపు గడపలోనే నిలబడింది. తర్వాత కూతురు ముందుకు వచ్చి కూర్చుంది.

"ఏమన్నవే మీ బాపును? సదువు రాదన్నవా?"

"భయంల అన్నమ్మా."

"నీకేమెరుక. గా పేజీ మీ బాపు ఎన్నిసార్లు సదివిండో ఎరుకనా నీకు? నువ్వు రాసినవని చెప్పినకాన్నుంచి చాయ్ తాగేటప్పుడు తీస్తడు, పండుకునే ముందు తీస్తడు. ఖాతల లస్మయ్యకు సూపిచ్చిండు, అందరికి సూపిచ్చిండు. ఏమని చెప్పిండో తెల్సా? 'నా బిడ్డ ఎంత పెద్ద తెలుగు రాస్తదంటె, నాకే సమజ్ కాదు' అని. సమజ్ కాకపోవుడే గొప్పనుకున్నడు పిచ్చి మనిషి."

సంతోషి తల్లి చేతిలోని డబ్బా తీసి పక్కన పెట్టింది.

"ఇయ్యాల దవాఖానల ఆడ కూసున్న పిల్ల అడిగింది, 'ఏమన్న సమజ్ కాలేదా కాకా, రాత బాలేదా' అని. 'రాత మంచిగనే ఉన్నది, నేనే తప్పు జేసిన' అన్నడు. ఎందుకన్నడు? నీ పేరు ఖరాబ్ కావద్దని. గసొంటి మనిషిని పట్టుకోని..." మంగ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మెడ మీది గడ్డ గురించి మూడు నెలల్లో ఒక్కసారి కూడా ఏడవని మనిషి, మొగుడు అన్నం తినకుండా పోయాడని ఏడ్చింది.

సంతోషి ఆ పేజీని మళ్లీ తెరిచి చదువుకుంది. 'అభ్యర్థన.' 'ధ్రువీకరణ.' 'సంప్రదింపుల నిమిత్తం.' ఈ మాటలు ఈ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అన్నారా? ఎక్కడి నుంచి తెచ్చింది తను? ఆమెకు తెలుసు. ఎనిమిదో తరగతి వరకు మునిసిపాలిటీ తెలుగు బడిలో చదివింది. ఒక ఉగాదికి తెలుగువాళ్ల సంఘంలో వ్యాసం చదువుతూ నోరు జారి 'గిట్ల' అంది. ముందు వరుసలో కూర్చున్న పెద్ద ఉద్యోగుల పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ రోజు నుంచి ఆమె నిఘంటువు పక్కన పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. వాళ్లు నవ్వకుండా ఉండాలని రాసింది. ఆసుపత్రికి వచ్చేది మాత్రం వాళ్లు కాదు, తన తండ్రి.

మర్నాడు పొద్దున ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని ఫోను చేసి చెప్పింది. లింగమూర్తి రాగానే మొహం కడుక్కోవడానికి నీళ్లు తోడిచ్చింది. ఆయన తినేదాకా ఆగి, పక్కన కూర్చుంది.

"బాపూ, నిన్న నేనన్నది తప్పు."

"కోపంల అన్నవ్ తియ్" అన్నాడాయన చాప మడత విప్పుతూ. "తప్పు నాదే గద. మీ అమ్మ పానం మీది పని నేను గట్ల చెయ్యొద్దుండె."

"ఒక్క పది నిమిషాలు పండుకోకు. పేజీ మళ్ల మొదటి నుంచి నింపు. నేను పక్కన కూసుంట, నోరు మెదప."

ఆయన కూతురి వంక అనుమానంగా చూశాడు, పరీక్ష పెడుతోందేమో అని. కానీ ఫోను తీశాడు.

నోరు మెదపకుండా ఉండటం ఎంత కష్టమో సంతోషికి ఆ పది నిమిషాల్లో తెలిసింది. తండ్రి చూపుడువేలు ఒక్కో మాట కింద ఆగుతోంది. పెదాలు కదులుతున్నాయి. వేలు ఉన్న చోటు తప్ప ఆయన ఇంకెక్కడా చూడటం లేదు. పక్కన 'సహాయం' అని ఆమె ఎంతో అందంగా పెట్టిన గడి ఉంది, దానివైపు కన్ను కూడా తిప్పలేదు. 'అభ్యర్థన' దగ్గర వేలు నాలుగుసార్లు వెనక్కి వెళ్లి వచ్చింది. ఆ మాట దాటేసరికి వాక్యం మొదట్లో ఏముందో మరిచిపోయాడు. మళ్లీ మొదటికి వచ్చాడు. పేరు, వయసు, ఫోన్ నంబరు నింపాడు. పచ్చ గుర్తు వచ్చింది. దాని కింది పది వరుసల రాత చూడగానే వేలు గాల్లో ఆగిపోయింది. ఒక్క క్షణం చూసి, ఫోను జాగ్రత్తగా చాప మీద పెట్టేశాడు.

"అయిపాయె" అన్నాడు.

"ఎందుకు ఆగినవ్ బాపూ? కింద ఇంకా ఉంది కదా."

"పచ్చ ఎలిగింది గద" అన్నాడాయన, ఇదేం ప్రశ్న అన్నట్టు. "మా ఖాతల సాంచ మీద పచ్చ దీపం ఎలిగితె అది మంచిగ నడుస్తున్నట్టు. నడిచేదాని మీద చెయ్యి పెట్టొద్దు. ఉట్టిగ ముట్టిండు అని నా పక్క సాంచ నరేశ్‌కు రెండు వేళ్లు తెగిపోలే?"

సంతోషి తల వంచుకుంది. ఆ పచ్చ గుర్తును అక్కడ పెట్టింది తనే. అందంగా ఉంటుందని పెట్టింది. ఆమె కన్నీళ్లు ఫోను అద్దం మీద పడ్డాయి.

"గిదేంది బిడ్డా, ఏడుస్తవేంది?" లింగమూర్తి కంగారుపడి చొక్కా అంచుతో ఫోను తుడిచాడు, తర్వాత కూతురి మొహం తుడిచాడు. "నీ రాత మంచిగుంది. నాకే రాదు."

"కాదు బాపూ. నీకు వచ్చు. నాకే రాయరాలేదు."

 ఆయనకు తెలిసిన సంగతి ఆయన చెప్పాడు.

"మా ఖాతల పాలీ మారేటప్పుడు నా సాంచలు ఒక ఒడియా పిల్లగాడు పట్టుకుంటడు. వానికి తెలుగు రాదు, నాకు ఒడియా రాదు. సాంచల చప్పుడుకు ఒర్రినా ఇనపడది. అందుకని చాక్‌పీసుతోని సాంచ మీద గుర్తు పెట్టి పోత. ఏ సాంచల ఏ పని మిగిలిందో ఆ ఒక్కటే. పోగు తెగుతున్నదా, గీత. నూనె పెట్టాలెనా, చుక్క. రెండు పనులుంటె మొదలు చెయ్యాల్సింది ఒక్కటే గీస్త. నాలుగు గీస్తె వాడు ఏదీ సూడడు బిడ్డా, పరేషాన్ అయితడు."

"పని ఏం మిగలకపోతే?"

"సున్న సుడత. ఇగ దీన్ని ముట్టకు అని. అది గూడ చెప్పాలె. చెప్పకుంటె వాడు ఏమో ఉన్నదనుకోని ఏదో ఒకటి కెలుకుతడు."

సంతోషి పుస్తకం తెచ్చుకుని రాసుకుంది. రోజూ నూగుతో ఇంటికొచ్చే తండ్రి ఇంత తెలివైన పని చేస్తున్నాడని ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారైనా అడిగి తెలుసుకోలేదు. ఆ సిగ్గుతో పాటు, ఆయన కూతురిగా పుట్టినందుకు ఏదో చెప్పలేని కృతజ్ఞత కూడా కలిగింది ఆమెకు.

ఆఫీసు యజమాని హేతల్‌బెన్. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. ఆమె దగ్గర సంతోషి తన తండ్రి 'టెక్స్‌టైల్ లైన్‌లో' ఉన్నాడని మాత్రమే చెప్పింది. ఆ మాటతో ఎవరేమనుకున్నా సరిదిద్దలేదు. ఆ రోజు సరిదిద్దింది.

"బెన్, మా నాన్న లూమ్ కారిగర్, మగ్గాల పనివాడు. మూడో తరగతి చదివాడు. నేను రాసిన పేజీ వల్ల మా అమ్మ నంబరు పోయింది. తప్పు నాది" అంది హిందీలో, నిలబడే. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది. 

హేతల్‌బెన్ కంప్యూటర్ తన వైపు తిప్పుకుంది. పేజీ సగం నింపి ఆగిపోయినవాళ్ల పేర్లు, ఫోను నంబర్లు లోపల ఎక్కడో నిలవ ఉంటాయి. వాటిని ఇంతవరకు ఎవరూ తెరిచి చూడలేదు. చివరి బటన్ దగ్గరే ముప్పై ఏడు మంది ఆగిపోయారు. చాలామంది తెలుగు పేజీలో, కొందరు ఒడియా పేజీలో.

"ఈ ముప్పై ఏడు మందీ నంబరు వచ్చిందనుకుని ఇంట్లో కూర్చున్నారు" అంది హేతల్‌బెన్.  "తప్పు నీ ఒక్కదానిదే కాదు. ఆ పేజీ చూసి బాగుందని సంతకం పెట్టింది నేను. నాకు తెలుగు రాదు. చదివేవాళ్లకు ఒకసారి చూపించావా అని నేనైనా అడగాలి కదా."

ఆ మధ్యాహ్నం ఇద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్లి మేనేజరుకు ఆ పట్టిక చూపించారు. ఆయన ముందు విసుక్కున్నాడు, తర్వాత పేర్లన్నీ చదివాడు. చివరికి గడ్డల డాక్టరుకు తనే ఫోను చేశాడు. పట్టికలో గడ్డల కోసం వచ్చినవాళ్లు పంతొమ్మిది మంది. వాళ్ల కోసం వచ్చే గురువారం కూడా వస్తానన్నాడు డాక్టరు. మిగతావాళ్లను ఆసుపత్రిలో రోజూ ఉండే డాక్టర్లకు చూపిస్తామన్నాడు మేనేజరు. పట్టికలోని తెలుగువాళ్లందరికీ సంతోషే ఫోన్లు చేసింది, తనకు వచ్చిన 'గిట్ల, గట్ల' భాషలోనే. "దేవుడు సల్లగ సూడాలె నిన్ను" అన్నారు అవతలి నుంచి. ఆ దీవెనలు వింటుంటే ఆమె మనసు చిన్నబోయింది. తప్పు చేసింది తనేనని వాళ్లకు తెలియదు కదా.

"మీ నాన్నగారిని ఒకసారి ఆఫీసుకు తీసుకురాగలవా?" అంది హేతల్‌బెన్ తిరిగొచ్చేటప్పుడు. "ఆయన ఎక్కడెక్కడ ఆగిపోతాడో అవన్నీ మనకు కావాలి."

లింగమూర్తి సెలవు రోజున మళ్లీ తెల్ల చొక్కా బయటికి వచ్చింది. మంగ కూడా వచ్చింది. అసలు అక్షరమే రాని పక్కింటి సమ్మక్కను కూడా సంతోషి బతిమాలి తీసుకొచ్చింది. ఆఫీసు అద్దాల తలుపు దగ్గర లింగమూర్తి చెప్పులు విప్పేశాడు. హేతల్‌బెన్ చూసి తన చెప్పులు కూడా విప్పి పక్కన పెట్టింది. "రండి కాకా" అంటూ తన కుర్చీ ఇచ్చింది.

 సంతోషి కొత్త పేజీ ముందు పెట్టింది. ఆమె ఎంతో తగ్గించి రాశాననుకున్నది కూడా ఆయనకు ఎక్కువే అయింది. మూడో మాట దగ్గర ఆగాడు. కూతురి మొహం చూశాడు. చెప్పాలా వద్దా అని నలిగిపోయాడు.

"చెప్పు బాపూ. నువ్వు చెప్తనే నా పని అయితది."

"అట్లనా?" అని గొంతు సవరించుకున్నాడు. "అయితె ఇను. గీ అక్షరాలు శానా సన్నగున్నయ్. గీ 'వివరములు' ఎందుకు? 'పేరు' అంటె పేరు రాయనా? ఒక్కసారి ఒక్కటే అడుగు. పేరడిగినంక పేజీ తిప్పు, అప్పుడు వయసడుగు. నొక్కేది నా కండ్ల ముంగట పెట్టు, కింద దాయకు. పచ్చ రంగు ఆఖరుకు, పని అయిపోయినంకనె."

"నాకు సదువనే రాదు గద, నేనేం జెయ్యాలె?" అంది సమ్మక్క. దాంతో ప్రతి పేజీ మీదా పెద్ద చెవి బొమ్మ వచ్చింది. నొక్కితే చదివి వినిపిస్తుంది. ఎవరి గొంతు పెట్టాలన్న మాట వస్తే అందరూ మంగ వైపు చూశారు. "అమ్మో నేనా" అంటూనే ఆమె కొంగు సర్దుకుని, నాలుగు మాటలు చెప్పింది.

మధ్యాహ్నానికి లింగమూర్తి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. చాయ్ చల్లారిందని కూడా చెప్పాడు. వెళ్లేటప్పుడు హేతల్‌బెన్ ఆయనకు చేతులు జోడించింది. ఆయన రెట్టింపు వంగి దణ్ణం పెట్టాడు. మెట్లు దిగాక కూతురితో అన్నాడు: "పాతికేండ్ల నుంచి ఈ ఊర్ల నన్ను 'గీ పని చెయ్యి' అన్నోల్లే గని, 'ఎట్ల చెయ్యాలె' అని అడిగినోల్లు లేరు బిడ్డా."

గురువారం నాడు మంగకు పదకొండో నంబరు. డాక్టరు గడ్డను తడిమి చూసి, సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపాడు. సోమవారం వచ్చి, ఆసుపత్రిలో రోజూ ఉండే డాక్టరుకు కాగితం చూపించమన్నాడు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో రొట్టెలు చెయ్యాలని చేశారే గానీ ఎవరూ సరిగా తినలేదు. సోమవారం పొద్దున ముగ్గురూ కలిసి వెళ్లారు.

"చెడ్డ గడ్డ కాదమ్మా" అన్నాడు ఆ ఆసుపత్రి డాక్టరు కాగితం చూసి. "భయపడాల్సింది ఏం లేదు. చిన్న కోత కోసి తీసేద్దాం. దానికి కూడా నంబరు తీసుకోండి."

 మంగ డాక్టరు చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. బయటికి వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాక గానీ ఆమెకు ఏడుపు రాలేదు. వచ్చాక ఆగలేదు. లింగమూర్తి భార్య వీపు నిమురుతూ కూర్చున్నాడు. 

"కోతకు నంబర్ నేను తీస్త" అంటూ సంతోషి ఫోను తీయబోయింది.

"ఆగు" అన్నాడు లింగమూర్తి. "నేను తీస్త."

ఆయన తన ఫోను తీశాడు. మంగ కళ్లు తుడుచుకుని పక్కకు జరిగి, "పైకి సదువు, నేను గూడ ఇంట" అంది. సంతోషి చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఈసారి నోరు మెదపకుండా ఉండటం కష్టమనిపించలేదు.

"ఎవరికి... బాగాలేదు?" చదివాడాయన. వేలు మొదటి మాట కింద ఉంది. మంగ పేరు రాశాడు. పేజీ తిరిగింది. "వయసు ఎంత?" రాశాడు. "ఫోన్ నంబరు రాయండి." రాశాడు. "డాక్టరు ఏం చెయ్యాలన్నారు?" కత్తెర బొమ్మ నొక్కాడు. వేలు అక్షరాల కింద నుంచి ఎప్పుడు పక్కకు జరిగిందో ఆయనకే తెలియదు. ఇప్పుడది బటన్ కోసం సిద్ధంగా ఉంది, అంతే. చూపు మాత్రం వరుస వెంబడి నడుస్తోంది. బటన్ నొక్కగానే తెర ఒక్కసారి పచ్చగా వెలిగింది. టింగుమని మెసేజ్ కూడా వచ్చింది.

"మంగ గారికి నంబరు వచ్చింది. మీ నంబరు నాలుగు. బుధవారం పొద్దున ఎనిమిది గంటలకు రండి. పొద్దున ఏమీ తినొద్దు. అంతే. ఇంకేమీ నొక్కొద్దు."

ఎక్కడా ఆగకుండా చదివాడు. సంతోషి పుట్టి బుద్ధెరిగిన తర్వాత తండ్రి ఇన్ని మాటలు ఒక్క ఊపున చదవడం వినలేదు. ఆయనకూ అది కొత్తగానే ఉన్నట్టుంది. తెర కిందికి జరిపి చూశాడు, ఇంకేమైనా ఉందేమోనని. ఏమీ లేదు. పైకి జరిపాడు. ఆఖరి పేజీని మళ్లీ మొదటి నుంచి, ఈసారి కొంచెం గట్టిగా చదివాడు. బల్ల చివర కూర్చున్న ముసలాయన ఒకరు తల తిప్పి విన్నాడు.

తర్వాత ఫోను మోకాలి మీద పెట్టుకుని కూతురి వైపు తిరిగాడు. అన్నం చాలని పిల్లాడి మొహంలా ఉంది ఆయన మొహం.

"గింతేనా బిడ్డా?" అన్నాడు. "ఇంకింత రాయకపోయినవ్. సదువుదును."

సంతోషి తండ్రి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆ పాత తెల్ల చొక్కా భుజం తడిసిపోయింది.

"రాస్త బాపూ" అంది చాలాసేపటికి. "ఇంకా రాస్త. నువ్వు సదువుదువు."